నెమలాకు ముడత

గౌరీశ్వరి ఆ కుండీ ముందు కూర్చున్నప్పుడు అర్జునరావుకి ఆమె వీపు మాత్రమే కనిపించేది. మహారాణిపేటలో వాళ్ళు అద్దెకుండే మేడమీది వాటాలో ముందుగది చిన్నది. కిటికీ పక్కన ముక్కాలిపీట, దాని మీద మట్టికుండీ, కుండీలో ఆ మొక్క. పోర్టు వైపు నుంచి వచ్చే ఖనిజం దుమ్ము తెల్లవారేసరికి అన్నిటి మీదా ఎర్రగా పేరుకునేది. ఆమె తడిగుడ్డ తీసుకుని ఒక్కో ఆకునీ అరచేతిలో పెట్టుకుని తుడిచేది. పైవైపు తుడిచి, మెల్లిగా తిప్పి, వంకాయరంగులో ఉండే కిందివైపు కూడా తుడిచేది. ఆ తిప్పడాన్ని అర్జునరావు పేపరు మీంచి చూసేవాడు. అతని కళ్ళద్దాలకీ అదే దుమ్ము పట్టేది. వాటినీ ఆమే తుడిచేది. కాకపోతే చీరచెంగుతో, నడుస్తూ, ఇంకేదో చెబుతూ తుడిచేది.

ఆ మొక్క అసలు పేరు ఎవరికీ తెలీదు. లేతాకుపచ్చ మీద ముదురు మచ్చలు నెమలికన్నుల్లా వరసగా ఉంటాయి కాబట్టి గౌరీశ్వరే నెమలాకు అని పేరు పెట్టింది. పగలంతా వాలి ఉన్న ఆకులు దీపాలు పెట్టే వేళకి కాడల మీద లేచి నిలబడేవి. "దణ్ణం పెడతంది సూడండి" అనేది. రెండేళ్ళ క్రితం దాన్ని సింగపూర్ నుంచి తెచ్చినవాడు శ్రీరామ్మూర్తి. సరుకు ఓడల మీద ఎలక్ట్రీషియన్. ఆమెకి మేనత్త కొడుకు.

ఎలమంచిలిలో పెళ్ళినాడు, విడిదింటి అరుగు మీద గురువమ్మ అనే ముసలావిడ పక్కనున్నావిడతో అన్న మాట అర్జునరావు చెవిన పడింది. "శ్రీరామ్మూర్తికనుకున్న పిల్లే ఇది. నీళ్ళమీద తిరిగేవోడికి ఇవ్వనని దీని బాబు మొండికేసాడు గానీ." అంతే. ఆవిడ వెంటనే మరో మాటలోకి వెళ్ళిపోయింది. అర్జునరావు మాత్రం ఆ మాట దగ్గరే ఉండిపోయాడు. వరస కలిపితే శ్రీరామ్మూర్తి తనకి అన్న అవుతాడు. ఒకే పిల్లని చేసుకోవడానికి వరసైన మగవాళ్ళిద్దరూ అన్నదమ్ములవుతారు. ఈ వరసలు కట్టిన పెద్దలు మనిషి మనసెలాంటిదో తెలిసి కట్టారా, తెలియక కట్టారా అని అతను చాలాసార్లు ఆలోచించాడు. గౌరీశ్వరిలో తప్పుపట్టడానికి ఏమీ లేదు. అదే ఇబ్బంది. ఏదైనా ఉంటే అడిగేసి ఊరుకునేవాడు.

ఆ ఏడాది ఎండలు ముదరకముందే నెమలాకు ముడుచుకోవడం మొదలుపెట్టింది.

"ఏటండీ ఇది, సూడండి ఓసారి" అని పిలిచిందామె. "మీ ఇంట్లో మిరప ఏసేవోరు కదా. ముడత మీకు తెలీదేటి?"

తెలుసు. మిరపాకు అంచులు పైకి ముడుచుకుంటే ఒక పురుగు, కిందికి ముడుచుకుంటే ఇంకో పురుగు. చిన్నప్పుడు తండ్రి చేను గట్టు మీద నిలబడే చెప్పేసేవాడు. అర్జునరావు ఆకుని తిప్పి చూశాడు. ఇది పైకీ కాదు, కిందికీ కాదు. రెండంచులూ లోపలికి చుట్టుకుని ఆకు నిలువునా గొట్టమైంది. అంచుల వెంట గోధుమరంగు గీత, ముట్టుకుంటే కాగితంలా చిట్లిపోతోంది. తను పనిచేసే లేబ్ నుంచి భూతద్దం తెచ్చి ఆకు కింద వెతికాడు. పురుగు లేదు, గుడ్లు లేవు, బూజు లేదు.

"ఎండ తగుల్తోందేమో, పక్కకి జరుపు" అన్నాడు. తర్వాతి వారం, "సముద్రపు గాలి పడ్డం లేదేమో, రాత్రిళ్ళు కిటికీ మూసెయ్యి" అన్నాడు. దారి అడిగిన కొత్తమనిషికి చెప్పినట్టు చెప్పాడు. ఆమె రెండూ చేసింది. ముడత ఇంకో ఆకుకి పాకింది.

ఆమె తిండి తగ్గిందని అతను గమనించాడు. అన్నం కలుపుతూ మధ్యలో ఆగి కిటికీకేసి చూసేది. తనకి టైఫాయిడ్ వచ్చినప్పుడు కూడా ఇలాగే చూసిందా? చూసే ఉంటుంది. కాని అప్పుడు జ్వరంలో ఉన్నది తను కాబట్టి ఆ చూపు తను చూడలేదు. చూడలేకపోయిన ఆ చూపునిప్పుడు ఒక మొక్క తీసుకుంటోంది. ఇలా ఆలోచించడం నీచంగా ఉందని అతనికి తెలుసు. తెలిసినంత మాత్రాన ఆలోచన ఆగలేదు. పైగా తన నీచత్వాన్ని తను గమనించుకోగలుగుతున్నందుకు లోపల ఎక్కడో చిన్న గొప్ప కూడా ఉంది.

ఆదివారం పొద్దున్న అతను మంగలి దగ్గరికో మార్కెట్టుకో వెళ్ళేవాడు. ఒక ఆదివారం తలనొప్పని ఉండిపోయాడు. నిజానికి తను లేనప్పుడు ఆమె ఆ కుండీ దగ్గర ఎలా ఉంటుందో చూడాలనిపించింది.

కింద వీధిలో నూకాలు గొంతు వినిపించింది. జాలరిపేట నుంచి చేపలతట్ట నెత్తిన పెట్టుకుని వస్తుంది.

"అమ్మా, కానాగంతలు! ఇప్పుడే తెప్ప దిగినాయి. కళ్ళు సూడు, నీకేసే సూత్తన్నాయి."

"నిన్నటేల నుంచీ సూత్తన్నట్టున్నాయే, పాపం అలిసిపోనాయి" అంది గౌరీశ్వరి మెట్లు దిగుతూ.

"నానబద్దమాడితే గంగాలమ్మతల్లి మీదొట్టు. నీకాడ అబద్దమాడి యే వీధిలో అమ్ముకుంటానమ్మా?"

"పక్కీధిలో. ఏయి, ఓ రెండు ఎక్కువేయి."

నూకాలు పెద్దగా నవ్వింది. గౌరీశ్వరి కూడా నవ్వింది. ఆ నవ్వు మేడ మీదికి వినిపించి అర్జునరావుకి కొంచెం తేలికగా అనిపించింది.

వంటింటి వెనక గచ్చు మీద ఆమె చేపలు కోసింది. పొలుసు గీసి, పొట్ట తీసి, గుప్పెడు కళ్ళుప్పు వేసి జిగురు పోయేదాకా రుద్ది కడిగింది. ఆ నీళ్ళు పారబొయ్యలేదు. సత్తుగిన్నెలో పట్టి ముందుగదిలోకి తెచ్చి, కుండీ చుట్టూ నెమ్మదిగా, చంటిదానికి పాలు పట్టినట్టు పోసింది. తలుపు సందులోంచి అర్జునరావు చూశాడు. చూడ్డానికి ఉండిపోయింది ఆమెని. చూసింది మాత్రం గిన్నెలోని నీళ్ళని.

ఆమె వంటింట్లోకి వెళ్ళాక వచ్చి కుండీ ముందు వంగాడు. మట్టికుండీ బయట అంచు కింద తెల్లటి పొర. సున్నమనుకున్నాడు ఇన్నాళ్ళూ. గోటితో గీకి నాలిక మీద పెట్టుకున్నాడు. ఉప్పు.

అయినా అతని ఉద్యోగం నాలికని నమ్మే ఉద్యోగం కాదు. ఉక్కు ఫేక్టరీ కడుతున్న చోట కాంక్రీటు లేబ్‌లో పని. ఏ బోరు నీళ్ళు వచ్చినా సిమెంటులో కలిపే ముందు ఉప్పెంతుందో చూడాలి. ఉప్పుంటే కాంక్రీటు పైకి బాగానే ఉండి లోపలి ఇనుముని తినేస్తుంది. కుండీ కింది పళ్ళెంలోకి కారిన నీళ్ళని చిన్న సీసాలో పట్టుకెళ్ళి, మర్నాడు అందరూ టీకి వెళ్ళినప్పుడు ఉప్పుని బయటపెట్టే సిల్వర్ నైట్రేట్ చుక్క వేశాడు. నీళ్ళు విరిగిన పాలలా తెల్లబడిపోయాయి. మరో గాజు గొట్టంలో ఇంటి కుళాయి నీళ్ళు పోసి చుక్క వేశాడు. లేత మబ్బు కమ్మిందంతే.

కారణం దొరికింది. వైద్యమూ తెలుసు. ఆ నీళ్ళు ఆపాలి, మంచినీళ్ళతో మట్టిని కడిగెయ్యాలి, మట్టి మార్చాలి. గాజువాక మీదుగా బస్సులో తిరిగొస్తున్నంతసేపూ ఆమెకి ఎలా చెప్పాలో మాటలు పేర్చుకున్నాడు. చాలాకాలం తర్వాత ఆమెకి ఇవ్వడానికి తన దగ్గర ఒకటుందనిపించింది.

ఇంటికొచ్చేసరికి ఆమె గుమ్మంలోనే ఉంది.

"బావ ఉత్తరం రాసాడండీ. వచ్చే నెల ఓడ ఇక్కడికొత్తందంట. మొక్క ఎలాగుందని అడిగాడు. ఇలా ఉన్నదాన్ని ఏటని సూపిత్తాను?"

అర్జునరావు చెప్పులు విప్పాడు. కాళ్ళు కడుక్కున్నాడు. "చూద్దాంలే" అన్నాడు.

ఆ ఒక్క మాటతో అతను ఏం చేశాడో అతనికే పూర్తిగా తెలియలేదు. రేపు చెబుదామనుకున్నాడు. రేపు కూడా రేపే అనుకున్నాడు. రోజులు గడిచేకొద్దీ చెప్పకపోవడమే ఒక వస్తువులా తయారైంది. జేబులో పెట్టుకుని తిరిగే వస్తువు. ఆమె కుండీ ముందు కూర్చుని "ఏటయిందే నీకు?" అని మొక్కని అడుగుతున్నప్పుడు, ఆ జవాబు తన దగ్గరే ఉందన్న సంగతి అతనికి వెచ్చగా తగిలేది. ఆమె వెతుకుతున్నది చివరికి తన దగ్గరున్నదాన్నే.

ఒకరోజు భోజనం చేస్తూ అన్నాడు. "బుధవారం కూడా చేపలు తీసుకోరాదా? నీ చేతి పులుసు బాగుంటోంది."

గౌరీశ్వరి ముఖం విప్పారింది. "ఎప్పుడూ అనరు కదా బాగుందని!"

"ఇప్పుడన్నాను కదా."

ఆ బుధవారం నుంచి వారానికి రెండుసార్లు కానాగంతలో కవళ్ళో వచ్చాయి. రెండుసార్లు సత్తుగిన్నె కుండీ దగ్గరికెళ్ళింది. అతను ముళ్ళు ఏరుకుంటూ తిన్నాడు. పులుసు నిజంగానే బాగుంది. ఆమె ఎదురుగా కూర్చుని ఇంకో ముక్క వేస్తూ సంతోషంగా కబుర్లు చెప్పేది. నెమలాకు ఒక్కో ఆకే చుట్టుకుపోతున్న ఆ వారాల్లోనే వాళ్ళిద్దరూ పెళ్ళయిన కొత్తలోలా ఉన్నారు. ఇది అర్జునరావుని కొన్నిసార్లు భయపెట్టింది.

శ్రీరామ్మూర్తి ఒక శనివారం సాయంత్రం వచ్చాడు. నల్లగా, పొట్టిగా, బట్టతలతో, బిస్కట్ డబ్బా చంకలో పెట్టుకుని. పెళ్ళి ఫొటోలో లావుగా కనిపించినవాడు ఇప్పుడు ఇంకా లావు. అతన్ని చూసిన ప్రతిసారీ అర్జునరావుకి ముందు ధైర్యం వచ్చేది, ఆ వెంటనే పోయేది. ఇంత మామూలు మనిషి తెచ్చినదాన్ని ఆమె అంత ప్రేమగా చూసుకుంటోందంటే ఆ ప్రేమకి కారణం పైకి కనిపించేది కాదు.

"ఏటి తమ్ముడూ, ఉక్కు వచ్చిందేటి?"

"ఇంకా కాంక్రీటు దగ్గరే ఉన్నామండీ."

"ఉక్కొచ్చేసరికి మా గౌరికి జుత్తు నెరిసిపోద్దిలాగుంది." కుర్చీలో కూలబడి కిటికీకేసి చూశాడు. "ఇదేటే? సుట్టలు సుడతన్నావేటి ఇంట్లో? నాలుగు కోసి గురువమ్మత్తకి పంపించు, అడ్డపొగేసుకుంటాది."

"నవ్వకు బావా. నానెంత సూసినా ఇలాగే అయిపోతంది."

"దానికేటే అంత మొకం? సచ్చిపోతే పోనీ. వచ్చే ట్రిప్పుకి ఇంకోటి తెత్తాను. ఈసారి రెండు తెత్తాను, ఓటి సచ్చినా ఓటుంటాది."

టీ గ్లాసు అర్జునరావు చేతిలో ఆగిపోయింది. ఇంకోటి తెస్తాడు. రెండు తెస్తాడు. మొక్క చచ్చిపోయిన ప్రతిసారీ ఈ మనిషి మళ్ళీ ఈ కుర్చీలో కూర్చుంటాడు. తను ఇన్ని వారాలుగా శ్రీరామ్మూర్తిని ఇంట్లోంచి పంపేస్తున్నాననుకుంటూ నిజానికి తలుపు తీసిపెడుతున్నాడు. ఈ ఒక్క మొక్కా బతికితేనే అతను మరోటి తేకుండా ఉండేది.

"వద్దు బావా" అంది గౌరీశ్వరి. "దీన్నే బతికించుకుంటాను."

ఆ మాట కూడా అర్జునరావుకి గుచ్చుకుంది. ఏదన్నా గుచ్చుకునే స్థితిలో ఉన్నాడు.

మర్నాడు కుళాయి వచ్చే వేళకి అతను కుండీని ఎత్తుకుని కింద పెరట్లోకి దిగాడు. చుట్టుకుపోయిన ఆకుల్ని కాడ మొదట్లో కోసేశాడు. కుండీని కుళాయి కింద పెట్టి నీళ్ళు వదిలాడు. మట్టిలోంచి దిగిన నీళ్ళు మురికిగా, నురగతో కింది రంధ్రంలోంచి పోతున్నాయి. పోనిచ్చాడు. గౌరీశ్వరి పరుగెత్తుకుంటూ మెట్లు దిగింది.

"అయ్యో, అలా ముంచేత్తన్నారేటండీ! కుళ్ళిపోద్ది."

"కుళ్ళదు. మట్టిలో ఉప్పు చేరిపోయింది. కడగాలి. తర్వాత మట్టి మారుద్దాం, ఎర్రమట్టి, ఆకెరువు, కాస్త ఏటి ఇసుక. బీచి ఇసుక వెయ్యకు." తల ఎత్తకుండా చెప్పాడు. "చేపలు కడిగిన నీళ్ళు ఇక పొయ్యకు దీనికి. నువ్వు కళ్ళుప్పేసి రుద్దుతావు కదా, ఆ ఉప్పే."

గౌరీశ్వరి ఆఖరి మెట్టు మీదే ఆగింది.

"సేపల నీళ్ళా?" అంది. "మీ అమ్మగారు పోసేవోరని మీరే కదా సెప్పారు."

"నేనా?"

"పెళ్ళయిన కొత్తలో. ఆనపపాదుకి సేపల నీళ్ళు పోత్తే పందిరంతా కాసేదని, మీ అమ్మ సెయ్యి అలాటిదని. ఎన్నిసార్లు సెప్పుంటారు! బావ తెచ్చినప్పుడు ఇది సిన్న పిలక. మనింటి పద్ధతిలో పెంచాలనుకున్నాను. అడిగితే నవ్వుతారని సెప్పలేదు."

అతనికి అప్పుడు తల్లి చెయ్యి కనిపించింది. పొయ్యిలో బూడిద తీసి చెరువు చేపల్ని తోముతున్న చెయ్యి. అక్కడ ఉప్పు లేదు. అక్కడ పాదు నేలలో ఉండేది, వాన వచ్చి అంతా కడిగేసేది. ఆ కథ చెప్పినప్పుడు బూడిద సంగతి చెప్పడం మరిచిపోయాడు. అంత చిన్న విషయం చెప్పాలని ఎవరికి తోస్తుంది? ఇన్నాళ్ళూ ఆ గిన్నె వంగినప్పుడల్లా అతను చూసింది శ్రీరామ్మూర్తిని. ఆమె వంచింది అతని తల్లి గిన్నెని.

"అమ్మ బూడిదతో తోమేది" అన్నాడు చివరికి.

"నాకెవరు సెప్పారు బూడిదని?" కుండీ పక్కన గొంతుక్కూచుంది. కోసేసిన ఆకుల్ని ఒక్కొక్కటీ తీసి చేతిలో పెట్టుకుంటోంది. నిజానికి ఆమె ముఖంలో భారం దిగిపోతోంది. కారణం దొరికింది కదా. "పోన్లెండి. ఎలా కనిపెట్టారు?"

"లేబ్‌లో చూశాను. పళ్ళెంలో నీళ్ళు పట్టుకెళ్ళి."

"ఇవాళ ఆదోరం కదా, లేబ్‌కెప్పుడెళ్ళారు?" అని ఆగింది. "నిన్న బావ ముందు కూడా ఏటీ అనలేదు. మరెప్పుడు సూసారు?"

అబద్ధం చెప్పడానికి వీలుంది. శుక్రవారం అంటే సరిపోయేది. అతను కుళాయి కట్టేశాడు.

"బావ ఉత్తరం వచ్చిన రోజు" అన్నాడు.

ఆమె లెక్కలేమీ వెయ్యలేదు. చేతిలో ఆకులకేసి చూస్తూ ఉండిపోయింది. తర్వాత చాలా నెమ్మదిగా, అడగడం ఇష్టం లేనట్టు అడిగింది.

"మరి బుదారం సేపలు?"

అర్జునరావు జవాబు చెప్పనక్కర్లేకపోయింది. ఆమె ముఖం మీద ఆ వారాలన్నీ ఒకదాని వెనక ఒకటి వెనక్కి నడవడం అతను చూశాడు. పులుసు, "బాగుంది" అన్న మాట, ఎదురుగా కూర్చుని చెప్పిన కబుర్లు, అన్నీ. మొక్క గురించి ఆమె ఒక్క మాటా అనలేదు. ఆకుల్ని గోడవారగా పడేసి, చేతులు కడుక్కుని, మేడెక్కింది.

శ్రీరామ్మూర్తి గురించి ఆమె అప్పుడూ అడగలేదు, తర్వాతా అడగలేదు. అడిగితే ఎన్నో చెప్పాలనుకున్నాడు. గురువమ్మ మాట, వరసలు, కళ్ళద్దాలు. వినేవాళ్ళు లేకపోయేసరికి అవన్నీ తనకే చిన్నవిగా వినిపించాయి.

వానలు పడ్డాయి. కొత్త మట్టిలో మొక్క నిలదొక్కుకుంది. డాబా మీంచి పడే వాననీళ్ళు బిందెలో పట్టి అతనే పోస్తున్నాడు. పొద్దున్నే తడిగుడ్డతో ఆకులు అతనే తుడుస్తున్నాడు. మొదట్లో ఆకు చిరిగేది, ఇప్పుడు తిప్పడం వచ్చింది. గౌరీశ్వరి కుండీ దగ్గరికి రావడం లేదు. వంట చేస్తుంది, మాట్లాడుతుంది, కళ్ళద్దాలు తుడుస్తుంది. పులుసు కూడా అంతే బాగుంటోంది. కాని వడ్డించి ఎదురుగా కూర్చోవడం మానేసింది. బాగుందని అందామని నోటిదాకా వచ్చిన ప్రతిసారీ అతను మింగేస్తున్నాడు. ఆ మాట ఇక అతను వాడుకోవడానికి లేదు.

ఒకప్పుడు ఆమె ఆ మొక్కకేసి చూసిన చూపు కోసం అతనిప్పుడు వెంపర్లాడుతున్నాడు. మొక్కకేసైనా సరే, ఒక్కసారి అలా చూస్తే చాలనిపిస్తోంది. ఆ పాత గౌరీశ్వరిని అనుభవించిన మొక్క మీద అసూయ మాత్రం అలాగే ఉంది. నీళ్ళు పోస్తున్నప్పుడు కూడా ఉంది.

ఒక బుధవారం సెలవు. కింద వీధిలో గొంతు వినిపించింది.

"అమ్మా, కవళ్ళు! బుదారం తీసుకోడం మానేసినావేటి?"

"వద్దు నూకాలూ" అంది గౌరీశ్వరి గుమ్మంలోంచి వంగి. "మా ఆయనకి బుదారం సేపలు పడవు."

"అయ్యో, అరగదేటి?"

"ఆయనకరుగుతాది. నాకే అరగట్లేదు."

నూకాలుకి ఏం అర్థమైందో, నవ్వి వెళ్ళిపోయింది. అర్జునరావు కుండీ ముందు గుడ్డ పట్టుకుని కూర్చుని ఉన్నాడు. గుమ్మంలోంచి వెనక్కి తిరిగితే ఆమెకి అతని వీపు మాత్రమే కనిపిస్తుంది. ఆమె అక్కడే నిలబడింది. అడుగుల చప్పుడు వంటింటి వైపు వెళ్ళలేదని అతను విన్నాడు.

పాత కాడల మధ్య నుంచి ఒక ఆకు వస్తోంది. సన్నగా, గట్టిగా, కాగితం చుట్టినట్టు చుట్టుకుని.

"అదీ ముడుసుకునే ఉందేటి?" అంది వెనక నుంచి.

"కొత్తాకు అలాగే వస్తుంది. చుట్టుకునే వచ్చి తర్వాత విచ్చుకుంటుంది."

"ఎన్నాళ్ళకి?"

"తెలీదు" అన్నాడు. వెనక్కి తిరగలేదు. "నేనెప్పుడూ చూళ్ళేదు. నువ్వే కదా చూసేదానివి."

ఆమె కూర్చోలేదు. అలాగని వెళ్ళిపోనూ లేదు. కాసేపటికి చీరచెంగు అతని భుజం మీదుగా ముందుకి వచ్చింది, దాని వెనక ఆమె చెయ్యి. ఆకుని ముట్టుకోకుండా, దాని చుట్టూ మట్టిని ఒక వేలితో నొక్కి చూసి, ఆ వేలిని నాలికకి తాకించుకుంది.